క్లాక్ ఫంక్షన్: పేరు ఒకటే, కొలిచేది వేరు

ఒకే సోర్సు కోడ్ నుంచి నాలుగైదు ఆపరేటింగ్ సిస్టమ్‌లకు తయారయ్యే ఒక డేటా ప్రాసెసింగ్ ప్రోగ్రామ్ బాధ్యత కొన్నేళ్లుగా నాది. పని పూర్తయ్యాక ఎంత ప్రాసెసర్ సమయం ఖర్చయిందో అది చివరి వరుసలో ముద్రిస్తుంది. ఒకనాడు 32 బిట్ల చిన్న బోర్డు మీద దాన్ని నడిపితే ఆ వరుసలో రుణ సంఖ్య కనిపించింది. గంటసేపు కష్టపడి పనిచేసిన ప్రోగ్రామ్, ఖర్చయిన సమయం సున్నా కంటే తక్కువని చెబుతోంది. మొదట మా లెక్కలోనే ఎక్కడో ప్లస్, మైనస్ తారుమారయ్యాయని అనుకున్నాను. చివరికి తేలిందేమిటంటే, నేను వాడిన ఫంక్షన్ గురించి నాకు దాని పేరు తప్ప మరేమీ తెలియదు. సీ భాష ప్రామాణిక లైబ్రరీలో ఉండే ఆ క్లాక్ ఫంక్షన్‌ను నేను చదువుకునే రోజుల నుంచీ వాడుతున్నాను. దాని ప్రమాణ పాఠాన్ని మాత్రం ఆ రోజు దాకా ఒక్కసారీ తెరవలేదు.

ఆ తర్వాత క్లాక్‌తో పాటు, దాని స్థానంలో పెట్టగలిగిన ఫంక్షన్లనూ, వాటి మీద కట్టిన తయారు లైబ్రరీలనూ ఒక్కొక్కటిగా పరీక్షించి చూశాను. ఈ సమీక్ష వాటి గురించే. నా ప్రశ్న ఒక్కటే: కోడ్ ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లినప్పుడు సంఖ్య కాదు, సంఖ్యకు ఉన్న అర్థం మారకుండా ఉంటుందా? పోర్టబిలిటీలో, అంటే కోడ్ వేర్వేరు చోట్ల పనిచేయడంలో, కంపైల్ కావడం మొదటి మెట్టు మాత్రమే. కొలత సాధనం విషయంలో ఆ మెట్టు దగ్గర ఆగిపోవడం ప్రమాదకరం, ఎందుకంటే తప్పు కొలత ఎర్రర్ మెసేజ్ ఇవ్వదు. నమ్మదగినట్టు కనిపించే ఒక సంఖ్యను ఇస్తుంది.

ప్రాసెసర్ సమయం అంటే ఏమిటో ముందే ఒప్పుకోవాలి. ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ప్రాసెసర్ మీద నిజంగా నడిచిన సమయం అది. డిస్కు కోసమో, నెట్‌వర్క్ కోసమో, తాళం (లాక్) కోసమో ఆగి ఉన్న సమయం అందులో చేరదు. ప్రోగ్రామ్ సొంత సూచనలు నడిచిన భాగం యూజర్ సమయం, దాని తరఫున కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) పనిచేసిన భాగం సిస్టమ్ సమయం. ఒక ప్రోగ్రామ్‌లోని రెండు థ్రెడ్లు (సమాంతరంగా నడిచే పని పాయలు) రెండు కోర్ల మీద ఒక సెకను పాటు తిరిగితే గడిచిన సమయం ఒక సెకను, ప్రాసెసర్ సమయం రెండు సెకన్లు. కాబట్టి గడిచిన సమయం కంటే ప్రాసెసర్ సమయం చాలా తక్కువ ఉండవచ్చు, చాలా ఎక్కువ కూడా ఉండవచ్చు. ఒకదాన్ని చూసి మరొకదాన్ని ఊహించే వీలు లేదు.

ఇక క్లాక్ విషయానికి వస్తే, 1989 నాటి సీ ప్రమాణం నుంచీ అది ఉంది. ఎక్కడైనా దొరుకుతుంది, ఏ అదనపు లైబ్రరీ అక్కర్లేదు, ఆర్గ్యుమెంట్లు లేవు. ఈ సౌలభ్యమే దాని బలం. అయితే ప్రమాణం దాని నుంచి కోరేది చాలా తక్కువ: ప్రోగ్రామ్ వాడిన ప్రాసెసర్ సమయానికి ఆ అమలు ఇవ్వగలిగిన అత్యుత్తమ అంచనాను తిరిగి ఇవ్వాలి, అది సాధ్యం కాకపోతే మైనస్ ఒకటి ఇవ్వాలి. లెక్క సున్నా నుంచి మొదలవ్వాలన్న నియమం లేదు, కాబట్టి మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి పిలిచి తేడా తీసుకోవాలి. తిరిగి వచ్చే రకం పూర్ణాంకమే అయి ఉండాలన్న నియమం కూడా లేదు. తేడాను క్లాక్స్_పర్_సెక్ అనే స్థిరాంకంతో భాగిస్తే సెకన్లు వస్తాయి. రెండూ పూర్ణాంకాలైన చోట దశాంశ రకంలోకి మార్చకుండా భాగిస్తే సెకను లోపు కొలతలన్నీ సున్నా అయిపోతాయి. కొత్తగా చేరినవారి కోడ్‌లో నేను ఎక్కువగా దిద్దిన పొరపాట్లలో ఇదొకటి.

ఆ స్థిరాంకం విలువ చోటును బట్టి మారుతుంది. యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణమైన పోసిక్స్‌లోని ఎక్స్‌ఎస్‌ఐ భాగం దాన్ని 10,00,000గా నిర్ణయించింది, మైక్రోసాఫ్ట్ లైబ్రరీలో అది 1000, ఫ్రీబీఎస్‌డీలో 128. ఇక్కడ ఒక విషయం మనసులో పెట్టుకోవాలి: పది లక్షలతో భాగిస్తున్నాం కాబట్టి మైక్రోసెకను సున్నితత్వం ఉందని కాదు. యూనిట్ వేరు, నిజంగా లెక్క ఎంత సన్నని అడుగులతో కదులుతుందన్నది వేరు. లినక్స్‌లో సాధారణంగా వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ. దాని 2.17 వెర్షన్ వరకు క్లాక్ ఫంక్షన్, టైమ్స్ అనే సిస్టమ్ కాల్ (కెర్నల్‌ను నేరుగా అడిగే పిలుపు) మీద నిలబడింది. దాంతో మైక్రోసెకన్లలో కనిపించే విలువ నిజానికి పది మిల్లీసెకన్ల చొప్పున గెంతేది. 2.18 నుంచి అది ప్రాసెస్ సీపీయూ గడియారం మీదికి మారి, చాలా సన్నగా కొలవడం మొదలుపెట్టింది. కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండానే కొలత నాణ్యత మారిపోయింది. ఆ మార్పు మంచిదే, కానీ పాత నివేదికలనూ కొత్త నివేదికలనూ పక్కపక్కన పెట్టి పోల్చేవారికి ఈ సంగతి తెలిసి ఉండాలి.

నాకు కనిపించిన రుణ సంఖ్యకు కారణం కూడా ఇక్కడే ఉంది. 32 బిట్ల గుర్తు గల పూర్ణాంకంలో మైక్రోసెకన్లు లెక్కిస్తే 2147 సెకన్ల దగ్గర, అంటే 36 నిమిషాలకు కాస్త ముందే, విలువ రుణంలోకి దిగుతుంది; దాదాపు 72 నిమిషాలకు ఒకసారి అదే విలువ మళ్లీ వస్తుంది. 64 బిట్ల యంత్రాల మీద ఈ బాధ లేదు. అయినా చిన్న బోర్డుల మీద రోజుల తరబడి నడిచే సేవలు ఇప్పటికీ చాలా ఉన్నాయి, వాటి మీద క్లాక్‌ను నమ్మడం కుదరదు. తేడాను గుర్తు లేని పూర్ణాంకంగా తీసుకుంటే ఒక చుట్టు వరకు సరిపోతుంది. రెండో చుట్టు జరిగిందో లేదో చెప్పే దారి మాత్రం లేదు.

ఇంతవరకు చెప్పినవి జాగ్రత్తతో దాటగలిగే లోపాలు. విండోస్‌లో ఉన్న తేడా అలాంటిది కాదు. మైక్రోసాఫ్ట్ సీ లైబ్రరీలో క్లాక్ తిరిగి ఇచ్చేది ప్రాసెసర్ సమయం కాదు, ప్రాసెస్ మొదలైనప్పుడు లైబ్రరీ సిద్ధమైన క్షణం నుంచి బయటి ప్రపంచంలో గడిచిన సమయం. ఇది దాచిన విషయమేమీ కాదు. తమ ఫంక్షన్ ఐఎస్‌ఓ సీ ప్రమాణాన్ని కచ్చితంగా పాటించదనీ, ప్రాసెసర్ సమయం కావాలంటే గెట్‌ప్రాసెస్‌టైమ్స్ వాడాలనీ వాళ్ల డాక్యుమెంటేషనే చెబుతుంది. విలువ మిల్లీసెకన్లలో, 32 బిట్లలో ఉంటుంది కాబట్టి సుమారు 24.8 రోజుల తర్వాత కొలత చేతికందదు, మైనస్ ఒకటి వస్తుంది. అంటే ఒక సెకను నిద్రపోయే ప్రోగ్రామ్‌ను క్లాక్‌తో కొలిస్తే లినక్స్ మీద దాదాపు సున్నా, విండోస్ మీద దాదాపు ఒకటి. నాలుగు థ్రెడ్లతో నాలుగు కోర్లనూ ఒక సెకను పాటు నింపే ప్రోగ్రామ్‌ను కొలిస్తే లినక్స్ మీద దాదాపు నాలుగు, విండోస్ మీద మళ్లీ ఒకటే. రెండు పరీక్షల్లో తేడా రెండు వ్యతిరేక దిక్కుల్లోకి పోతుంది కనుక ఏదో ఒక గుణకంతో సరిదిద్దుకుందామన్నా కుదరదు.

ఈ తేడా సీ దగ్గరే ఆగదు, దాని మీద కట్టిన ప్రతి భాషలోకీ పాకుతుంది. లువా భాషలోని ఓఎస్.క్లాక్, సీ క్లాక్‌ను పిలిచి భాగించి ఇస్తుంది. భాష మాన్యువల్ దాన్ని సీపీయూ సమయమని వర్ణించినా, మైక్రోసాఫ్ట్ లైబ్రరీతో కట్టిన లువాలో వచ్చేది గడిచిన సమయమే. పైథాన్‌లో టైమ్.క్లాక్ కూడా చాలా కాలం ఇలాగే ఉండేది: యూనిక్స్ మీద ప్రాసెసర్ సమయం, విండోస్ మీద గడిచిన సమయం. 2012లో రాసిన పెప్ 418 (పైథాన్‌లో మార్పులను ప్రతిపాదించే పత్రాల్లో ఒకటి) ఈ చిక్కుముడిని విప్పింది. ఒకే పేరు కింద రెండు అర్థాలు ఉంచకుండా, పైథాన్ 3.3లో గడిచిన సమయానికి పర్ఫ్_కౌంటర్, మోనోటోనిక్ అనీ, ప్రాసెసర్ సమయానికి ప్రాసెస్_టైమ్ అనీ వేర్వేరు ఫంక్షన్లు పెట్టి, పాతదాన్ని వాడవద్దని ప్రకటించి, 2019లో వచ్చిన 3.8లో దాన్ని పూర్తిగా తీసేశారు. నేను చూసిన వాటిలో ఈ సమస్యకు ఇంత శుభ్రమైన పరిష్కారం మరొకటి లేదు. పాత కోడ్ విరిగినా సరే, అర్థం స్పష్టంగా ఉండాలన్న ఆ నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

యూనిక్స్ వైపు ఉన్న ప్రత్యామ్నాయాల్లో టైమ్స్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. యూజర్, సిస్టమ్ సమయాలను విడిగా, పిల్ల ప్రాసెస్‌ల (అంటే మన ప్రాసెస్ పుట్టించిన ప్రాసెస్‌ల) సమయాలను మరింత విడిగా ఇస్తుంది. కానీ యూనిట్ టిక్ (గడియారపు ఒక్కో అడుగు), సాధారణంగా సెకనుకు 100. ఆ సంఖ్యను సిస్‌కాన్ఫ్ ఫంక్షన్ ద్వారా అడిగి తెలుసుకోవాలి. టైమ్స్ ఇచ్చే విలువ రకం, క్లాక్ ఇచ్చే విలువ రకం ఒకటే కావడం వల్ల దీన్ని క్లాక్స్_పర్_సెక్‌తో భాగించే పొరపాటు కంపైలర్‌కు దొరకదు. వచ్చే జవాబు పది వేల రెట్లు తక్కువ ఉంటుంది. కొత్త కోడ్‌లో దీన్ని వాడటానికి నాకు కారణం కనిపించలేదు.

గెట్‌ఆర్‌యూసేజ్ మీద మాత్రం నాకు నిజమైన అభిమానం ఏర్పడింది. బర్క్‌లీ యూనిక్స్ 4.2 కాలం నుంచి వస్తున్న ఈ కాల్, లినక్స్, మ్యాక్‌ఓఎస్, బీఎస్‌డీ కుటుంబం అంతటా ఒకే రూపంలో ఉంటుంది. యూజర్, సిస్టమ్ సమయాలను సెకన్లు, మైక్రోసెకన్లుగా విడదీసి ఇస్తుంది కాబట్టి 32 బిట్ల యంత్రం మీద కూడా గంట గడిచేసరికి చుట్టు తిరగదు. పిల్ల ప్రాసెస్‌ల లెక్క కావాలంటే దానికి వేరే ఆర్గ్యుమెంట్ ఉంది. అయితే ముగిశాక వెయిట్ కాల్‌తో ముగింపు సమాచారం తీసుకున్న పిల్లల సమయమే అందులోకి వస్తుంది, ఇంకా నడుస్తున్న పిల్లలది రాదు. లినక్స్ 2.6.26 నుంచి ఒక్క థ్రెడ్ లెక్క కూడా అడగవచ్చు, కానీ అది లినక్స్ పరిధి దాటి అన్ని చోట్లా పనిచేస్తుందని అనుకోకూడదు. ఈ కాల్ నింపి ఇచ్చే నిర్మాణంలో (స్ట్రక్చర్) ఇంకా చాలా గడులు ఉంటాయి, పోసిక్స్ కోరేది మాత్రం ఈ రెండు సమయాలనే. మిగిలిన గడుల మీద ఆధారపడిన కోడ్ పోర్టబుల్ కాదు.

రెండు సంగతులు తెలిసి వాడితే దీనితో ఇబ్బంది ఉండదు. మొదటిది, ఎగ్జెక్ కాల్‌తో ఒక ప్రాసెస్ తన ప్రోగ్రామ్‌ను మార్చుకున్నా లెక్క సున్నాకు రాదు. ఒక స్క్రిప్టు కొంత పనిచేసి ఎగ్జెక్ ద్వారా మన ప్రోగ్రామ్‌గా మారితే, స్క్రిప్టు ఖర్చు కూడా మన పద్దులోనే కనిపిస్తుంది. అందుకే ఇక్కడ కూడా మొదట్లో ఒకసారి చదివి తేడా తీసుకోవాలి. రెండోది కొంచెం లోతైనది. లినక్స్‌లో ఒక ప్రాసెస్ మొత్తం ఎంతసేపు నడిచిందన్నది షెడ్యూలర్ (ప్రాసెసర్‌ను ఎవరికి ఎప్పుడివ్వాలో నిర్ణయించే కెర్నల్ భాగం) నానోసెకన్లలో రాసుకుంటుంది, అది నమ్మదగినది. కానీ సాధారణ కాన్ఫిగరేషన్‌లో అందులో యూజర్ భాగం ఎంత, సిస్టమ్ భాగం ఎంత అన్నది టిక్ కొట్టిన క్షణాల్లో ప్రాసెస్ ఎక్కడ ఉందో చూసి, ఆ నిష్పత్తిలో మొత్తాన్ని పంచుతుంది. కాబట్టి కొద్ది మిల్లీసెకన్ల పరుగులో మొత్తాన్ని నమ్మవచ్చు, పంపకాన్ని నమ్మకూడదు. చిన్న పరీక్షలో సిస్టమ్ సమయం సున్నా అని చూసి, మా ప్రోగ్రామ్ కెర్నల్‌ను అసలు ఇబ్బంది పెట్టడం లేదని ఒకసారి నేనే ఒక నివేదికలో రాశాను. అది నిరాధారమైన మాట, తర్వాత వెనక్కి తీసుకున్నాను.

మరింత సన్నని కొలత కావాలనుకునేవారికి క్లాక్_గెట్‌టైమ్ ఉంది. ప్రాసెస్ సీపీయూ గడియారం సంకేతాన్ని ఇచ్చి పిలిస్తే నానోసెకన్ల రూపంలో జవాబు వస్తుంది; థ్రెడ్‌కు వేరే సంకేతం ఉంది. పోసిక్స్‌లో ఇవి రెండూ ఐచ్ఛికాలు, కాబట్టి కంపైల్ చేసేటప్పుడూ, నడిచేటప్పుడూ రెండు సార్లూ ఉందో లేదో చూసుకోవాలి. మ్యాక్‌ఓఎస్‌లో ఈ ఫంక్షన్ 2016 నాటి 10.12 వెర్షన్‌తోనే వచ్చింది. అంతకు ముందు అక్కడ మాఖ్ కెర్నల్ కాల్స్ మీదో, గెట్‌ఆర్‌యూసేజ్ మీదో ఆధారపడాల్సి వచ్చేది. గ్లిబ్‌సీ 2.17కు ముందు దీని కోసం ఆర్‌టీ లైబ్రరీని విడిగా లింక్ చేయాల్సి ఉండేది, పాత మేక్‌ఫైళ్లలో ఆ గుర్తు ఇప్పటికీ కనిపిస్తుంది. లినక్స్ 2.6.12కు ముందు చాలా ప్లాట్‌ఫారాల మీద ఈ గడియారాలు ఒక్కో ప్రాసెసర్‌లోని సొంత లెక్కింపు రిజిస్టర్ మీద నడిచేవి. ప్రాసెస్ ఒక ప్రాసెసర్ నుంచి మరోదానికి మారితే రెండు రిజిస్టర్లకూ పొంతన లేక విలువ తప్పే అవకాశం ఉండేది. అది ఎప్పుడో తీరిపోయిన సమస్య. అయినా పాత పుస్తకాల్లో చదివిన హెచ్చరిక మనసులో ఉండిపోయి ఈ ఫంక్షన్‌ను దూరం పెట్టేవారు ఉన్నారు, వారి కోసం చెబుతున్నాను.

దీని ఖరీదు గురించి ఒక మాట చెప్పాలి. లినక్స్‌లో గడిచిన సమయాన్ని అడిగితే చాలా సందర్భాల్లో కెర్నల్‌లోకి వెళ్లకుండానే జవాబు వస్తుంది. ప్రాసెసర్ సమయానికి ఆ దగ్గరి దారి లేదు. ప్రతిసారీ నిజమైన సిస్టమ్ కాల్ అవసరం, పైగా ప్రాసెస్ మొత్తానికి అడిగినప్పుడు థ్రెడ్లన్నిటి లెక్కలనూ కూడాలి. లోపలి లూపులో ప్రతి చుట్టుకూ దీన్ని పిలిస్తే కొలుస్తున్న పని కంటే కొలతే ఎక్కువ ప్రాసెసర్‌ను తినవచ్చు. పెద్ద దశల సరిహద్దుల్లో మాత్రమే పిలవడం సరైన వాడకం.

విండోస్‌లో గెట్‌ప్రాసెస్‌టైమ్స్ చేసే పని మన అర్థానికి సరిగ్గా సరిపోతుంది: ప్రాసెస్‌లోని థ్రెడ్లన్నీ వాడిన కెర్నల్ సమయం, యూజర్ సమయం విడివిడిగా వస్తాయి. విలువలు 100 నానోసెకన్ల యూనిట్లలో, తేదీలకు వాడే ఫైల్‌టైమ్ నిర్మాణంలోనే ఉంటాయి. ఈ రెండూ తేదీలు కావు, నిడివులు. ఆ నిర్మాణంలో రెండు 32 బిట్ల ముక్కలు ఉంటాయి. దాని చిరునామాను నేరుగా 64 బిట్ల పూర్ణాంకం చిరునామాగా భావించి చదివితే మెమరీ అమరిక సరిపోక కొన్ని యంత్రాల మీద చిక్కు వస్తుంది కాబట్టి, ముక్కలను విడిగా కాపీ చేసి కలపాలి. పిల్ల ప్రాసెస్‌ల లెక్క ఇందులో ఉండదు. అది కావాలంటే వాటిని జాబ్ ఆబ్జెక్టులో (ప్రాసెస్‌లను గుంపుగా చూసే విండోస్ సదుపాయం) పెట్టి ఆ ఆబ్జెక్టును అడగాలి.

అసలు చిక్కు సున్నితత్వం దగ్గర ఉంది. యూనిట్ ఎంత చిన్నదైనా, విలువ సాధారణంగా సెకనుకు 64 సార్లు కొట్టే టిక్‌తోనే పెరుగుతుంది, అంటే ఒక్కో అడుగు 15.625 మిల్లీసెకన్లు. మూడు మిల్లీసెకన్ల పనిని దీనితో కొలిస్తే సున్నా రావచ్చు, పదిహేను పైన రావచ్చు. తప్పు ఒక శాతం లోపు ఉండాలంటే కొలిచే పని కనీసం ఒకటిన్నర సెకన్లకు పైగా సాగాలి. అదే పనిని వందల సార్లు తిప్పి మొత్తాన్ని కొలవడం తప్ప వేరే దారి లేదు. విస్టా నుంచి క్వెరీప్రాసెస్‌సైకిల్‌టైమ్ అనే మరో ఫంక్షన్ ఉంది, అది ప్రాసెస్ వాడిన ప్రాసెసర్ సైకిళ్ల సంఖ్యను చాలా సన్నగా చెబుతుంది. అయితే ఆ సైకిళ్లను సెకన్లుగా మార్చే ప్రయత్నం చేయవద్దని డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది. ఒకే యంత్రం మీద పాత కోడ్‌కూ కొత్త కోడ్‌కూ పోలిక చూడటానికి నేను దాన్ని వాడతాను, సెకన్ల నివేదికలోకి మాత్రం రానివ్వను.

టిక్ మీద ఆధారపడిన లెక్కకు మరో బలహీనత ఉంది, అది సన్నదనానికి మించినది. టిక్ కొట్టిన క్షణంలో ఎవరు నడుస్తుంటే టిక్ మొత్తం వారి పద్దులో పడుతుంది. టిక్ తర్వాత లేచి, తర్వాతి టిక్‌కు ముందే పడుకునే ప్రాసెస్ ఎంత పనిచేసినా దాని పద్దు ఖాళీగానే ఉంటుంది. ఈ లొసుగుతో ప్రత్యేక అనుమతులేవీ లేని మామూలు ప్రోగ్రామ్ కూడా ప్రాసెసర్‌ను దాదాపు పూర్తిగా ఆక్రమించుకోవచ్చని 2007లో పరిశోధకులు యూజెనిక్స్ భద్రతా సదస్సులో చూపించారు. టైమర్‌తో లేచి కొద్దిగా పనిచేసి పడుకునే సేవలు మనకు కొత్త కాదు. వాటిని టిక్ లెక్కతో కొలిచినప్పుడు తప్పు యాదృచ్ఛికంగా కాక ఎప్పుడూ ఒకే వైపుకు ఒరిగి ఉంటుంది, ఎన్ని సార్లు తిప్పి సగటు తీసినా పోదు.

తయారు లైబ్రరీల్లో మొదట బూస్ట్ అనే సీ++ లైబ్రరీల సముదాయంలోని టైమర్ చూశాను. దాని మొదటి రూపం క్లాక్ మీద కట్టింది కాబట్టి పైన చెప్పిన రెండర్థాల సమస్య మొత్తం అందులోకి వచ్చింది. 2011లో బూస్ట్ 1.48తో వచ్చిన రెండో రూపం గడిచిన సమయం, యూజర్, సిస్టమ్ అని మూడింటినీ పేర్లతో విడదీసి ఇస్తుంది. ఈ రూపకల్పన నాకు నచ్చింది. కానీ లోపల చూస్తే, విండోస్‌లో గెట్‌ప్రాసెస్‌టైమ్స్‌ను వాడినా, పోసిక్స్ వైపు టైమ్స్‌ను ఎంచుకుంది, అందువల్ల నానోసెకన్లలో ఇచ్చే విలువ టిక్కుల చొప్పున కదులుతుంది. పైగా పోసిక్స్ వైపు పిల్ల ప్రాసెస్‌ల సమయాన్ని కలిపి ఇస్తుంది, విండోస్ వైపు కలపదు. పిల్ల ప్రాసెస్‌లు పుట్టించని ప్రోగ్రామ్‌కు ఇది హాయిగా సరిపోతుంది. మా ప్రోగ్రామ్ పుట్టిస్తుంది కాబట్టి నేను దాన్ని తీసుకోలేదు. సీ++ ప్రామాణిక సమయ లైబ్రరీ అయిన క్రోనోలో ప్రాసెసర్ సమయపు గడియారమే లేదు.

పలు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద పనిచేసే సీ లైబ్రరీ లిబ్‌యూవీలోని యూవీ_గెట్‌ఆర్‌యూసేజ్ తన పేరుకు తగ్గట్టు యూనిక్స్ రూపాన్నే విండోస్‌కు తీసుకువెళ్లి, సమయాలను గెట్‌ప్రాసెస్‌టైమ్స్ నుంచి నింపుతుంది. విండోస్‌లో దొరకని గడులను సున్నాగా వదిలేస్తుంది. ఇప్పటికే లిబ్‌యూవీ వాడుతున్న ప్రోగ్రామ్‌కు ఇంతకంటే వెతకాల్సిన పని లేదు, దీని కోసమే ఆ లైబ్రరీని తెచ్చుకోవడం మాత్రం అనవసరపు బరువు. పైథాన్ ప్రాసెస్_టైమ్ లోపలి కోడ్ చదవదగినది: విండోస్ అయితే గెట్‌ప్రాసెస్‌టైమ్స్, కాకపోతే క్లాక్_గెట్‌టైమ్, అదీ లేకపోతే గెట్‌ఆర్‌యూసేజ్, ఆ తర్వాత టైమ్స్, అన్నీ విఫలమైతే చివరి ఆశ్రయంగా క్లాక్. ఆ వరుసే ఒక మంచి పాఠం. ఏ మూలం నుంచి విలువ వచ్చిందో, దాని సున్నితత్వం ఎంతో గెట్_క్లాక్_ఇన్ఫో ద్వారా అడిగి తెలుసుకునే సదుపాయం కూడా ఉంది. సీలో దీనికి దగ్గరగా నిలిచేది ఎస్‌క్యూలైట్ డేటాబేస్ కమాండ్ షెల్‌లోని టైమర్: అదే ఫైలులో యూనిక్స్‌కు గెట్‌ఆర్‌యూసేజ్, విండోస్‌కు గెట్‌ప్రాసెస్‌టైమ్స్, ముద్రించేటప్పుడు రియల్, యూజర్, సిస్ అని మూడు పేర్లు. ఇంత సూటిగా రాసిన కోడ్‌ను చూశాక, ఈ పనికి పెద్ద లైబ్రరీ అక్కర్లేదన్న నమ్మకం నాకు కుదిరింది.

చివరికి మేం ఒక చిన్న ఫైలు రాసుకున్నాం. అది యూజర్, సిస్టమ్ సమయాలను 64 బిట్ల నానోసెకన్లలో ఇస్తుంది. వాటితో పాటు ఏ మూలం నుంచి తీసుకుందో, ఆ మూలం ఎంత సన్నగా కదులుతుందో కూడా ఇస్తుంది. మూలమేదీ దొరకకపోతే సున్నా ఇవ్వదు, దొరకలేదని చెబుతుంది. క్లాక్‌ను చివరి ఆశ్రయంగా కూడా ఉంచలేదు. ఎందుకంటే అది ఏమి కొలుస్తుందో ముందే తెలియని వేదిక మీదే ఆ ఆశ్రయం అవసరమవుతుంది. వెబ్‌అసెంబ్లీ (వేర్వేరు వేదికల మీద నడిచే బైనరీ కోడ్ రూపం) కోసం ఉన్న సీ లైబ్రరీ వాసీ లిబ్‌సీలో క్లాక్ కావాలంటే అనుకరణ లైబ్రరీని కోరి మరీ లింక్ చేయాలి, అదీ గడిచిన సమయంతోనే అనుకరిస్తుంది. కోరితే తప్ప ఇవ్వకపోవడం నాకు నిజాయితీగా అనిపించింది, మా ఫైలు కూడా అదే పద్ధతిని పాటిస్తుంది.

దానితో పాటు ప్రతి వేదిక మీదా నడిచే మూడు పరీక్షలు పెట్టాం. మొదటిది ఒక సెకను నిద్రపోయి, ప్రాసెసర్ సమయం దాదాపు పెరగలేదని చూస్తుంది. రెండోది రెండు థ్రెడ్లను ఖాళీ లూపులో తిప్పి, ప్రాసెసర్ సమయం గడిచిన సమయాన్ని స్పష్టంగా దాటిందని చూస్తుంది. ఒకే కోర్ ఉన్న యంత్రం మీద దీన్ని దాటవేస్తాం. మూడోది ఒక పిల్ల ప్రాసెస్‌తో పని చేయించి, ఆ సమయం మన లెక్కలో చేరలేదని చూస్తుంది. హద్దులు ఉదారంగానే పెట్టాం, ఎందుకంటే వర్చువల్ యంత్రాల మీద అతిథి వ్యవస్థ నడుస్తున్నానని అనుకునే సమయంలో కొంత భాగాన్ని ఆతిథ్య యంత్రం మరొకరికి ఇచ్చి ఉండవచ్చు. ఈ మూడు పరీక్షల్లో కనీసం ఒకదానిలోనైనా, నేను పైన చెప్పిన తప్పు అర్థాలన్నీ పట్టుబడతాయి.

ప్రాసెసర్ సెకను అన్ని యంత్రాల మీదా ఒకే పరిమాణంలో పని అని మాత్రం ఈ సాధనాల్లో ఏదీ హామీ ఇవ్వదు. వేగం తగ్గించుకుని నడుస్తున్న కోర్ మీద సెకను వేరు, పూర్తి వేగంతో నడుస్తున్న కోర్ మీద సెకను వేరు. పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిసి ఉన్న చిప్‌ల మీద ఒకే ప్రోగ్రామ్ ఏ కోర్ మీద పడిందన్న దాన్ని బట్టి ప్రాసెసర్ సమయం మారుతుంది. అందుకే మా నివేదికలో వేర్వేరు యంత్రాల సంఖ్యలను ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టడం మానేశాం. సీ23 ప్రమాణం టైమ్‌స్పెక్_గెట్ ఫంక్షన్‌కు ప్రాసెస్ సమయానికి టైమ్_యాక్టివ్ అనీ, థ్రెడ్‌కు టైమ్_థ్రెడ్_యాక్టివ్ అనీ కొత్త ఆధారాలను ఐచ్ఛికంగా చేర్చింది. మేం ఆధారపడే లైబ్రరీలన్నిటిలో అవి వచ్చిన రోజున మా చిన్న ఫైలులో మొదటి మూలంగా వాటినే పెడతాం. అయితే ముందు ఆ మూడు పరీక్షలు దాటాల్సిందే.